12 బోర్‌కు వేరే స్టాక్ వేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు వైపు 12 బోర్ తుపాకీ లైసెన్సుదారులు, ట్రాప్, స్కీట్ (ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే ఆటలు) ఆడేవాళ్లు స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మార్చేటప్పుడు తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే పని నడిచే వరుసలో ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. తుపాకీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ తెరిచి, చాంబర్ (తోటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. తోటాలు వేరే గదిలో పెట్టి రండి. ప్రతి జవాబులోనూ మొదటి వాక్యం ఇదే అనుకోండి.

## కొనే ముందు

మాది ముంగేరు (బిహార్) డబుల్ బ్యారెల్. పంప్ యాక్షన్‌కు (ముందు పిడి లాగి తోటా ఎక్కించే రకానికి) దొరికినట్టు దీనికి రెడీమేడ్ స్టాక్ దొరకదా?

దొరకదు. దొరికిందని ఎవరైనా చెప్పినా అది సగం చెక్కిన దిమ్మే. పక్కపక్క గొట్టాల తుపాకీలో యాక్షన్ (తోటా పేల్చే యంత్రాంగం ఉండే ఇనుప భాగం) వెనక నుంచి రెండు ఇనుప నాలుకలు సాగి ఉంటాయి. పైది టాప్ టాంగ్, కిందది ట్రిగ్గర్ ప్లేటు. ఈ రెండింటి మధ్య చెక్క ఇరుక్కుని కూర్చుంటుంది, నిలువు మరలు దాన్ని పట్టి ఉంచుతాయి. ముంగేరులో ఈ తుపాకులకు చేతిపని ఎక్కువ. ఒకే దుకాణం నుంచి వచ్చిన రెండు తుపాకుల టాంగ్‌లు కూడా వెంట్రుకవాసి తేడాగా ఉండొచ్చు. కాబట్టి చెక్కను ఆ ఒక్క తుపాకీకే చూసి చెక్కాలి.

పంప్ యాక్షన్, ఓవర్-అండర్ (గొట్టాలు ఒకదానిపై ఒకటి ఉండేవి), సెమీ ఆటోల (తోటా దానంతటదే ఎక్కేవి) సంగతి వేరు. వాటిలో చాలావాటికి రిసీవర్ (యాక్షన్ ఉండే ఇనుప పెట్టె) వెనక చదునుగా ఉంటుంది, స్టాక్ మధ్య నుంచి ఒక పొడవాటి బోల్టు వెళ్లి పట్టుకుంటుంది. ఒకే మోడల్‌కు చేసిన స్టాక్ అయితే దాదాపు అలాగే కూర్చుంటుంది. 'దాదాపు' అన్నది ఊరికే అనలేదు. చెక్క స్టాక్ అయితే ఎంత ఖరీదైనదైనా ఎంతో కొంత గీకాల్సి వస్తుంది.

విప్పకుండానే నా తుపాకీ బిగింపు ఏ రకమో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ట్రిగ్గర్ గార్డు వెనక, సేఫ్టీ బటన్ దగ్గర నిలువుగా దిగిన మర తలలు కనబడితే అది టాంగ్ బిగింపు. అక్కడ ఏ మరా లేకుండా నున్నగా ఉండి, భుజానికి ఆనే ప్యాడ్‌కు మాత్రం రెండు మరలు ఉంటే లోపల పొడవాటి బోల్టు ఉందన్నమాట. కొన్నింటిలో రెండూ ఉంటాయి.

స్టాక్ మార్చడానికి కలెక్టరేట్‌లో అనుమతి తీసుకోవాలా?

లైసెన్సులో నమోదయ్యేది తుపాకీ రకం, బోరు, నంబరు. స్టాక్ మారితే ఇవేవీ మారవు. అయితే ఆయుధాల చట్టం, 1959లో 'ఆయుధాలు' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో విడిభాగాలు కూడా ఉన్నాయి. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకులు మరమ్మతు చేసేవాడికి లైసెన్సు ఉండాలి. అందుకే స్టాక్‌ను లైసెన్సున్న డీలరు దగ్గర బిల్లుతో కొనండి. చెక్కడం, ఇనుముకు కూర్చడం లైసెన్సున్న గన్‌స్మిత్ బల్ల మీదే జరగాలి. కింద రాసిన పని వివరాలు ఆయన చేస్తున్నది సరిగ్గా ఉందో లేదో మీరు గుర్తుపట్టడానికి. ఏ అనుమానం ఉన్నా లైసెన్సు ఇచ్చిన అధికారినే రాతపూర్వకంగా అడగండి. కమిషనరేట్ పరిధిలో అది పోలీసు కమిషనర్, జిల్లాలో కలెక్టర్.

తుపాకీని మీ తరఫున వేరొకరు మరమ్మతుకు తీసుకెళ్లాలంటే మీరు పక్కనుండాలి, లేదా మీరు సంతకం చేసిచ్చిన కాగితం ఆయన చేతిలో ఉండాలి. 3వ సెక్షన్‌లో ఈ వెసులుబాటు ఉంది. నోటిమాట చెల్లదు.

మా బావమరిది డల్లాస్ నుంచి వస్తున్నాడు. స్టాక్ సూట్‌కేసులో పెట్టుకు రమ్మనొచ్చా?

వద్దు. అక్కడ అది కిరాణా సరుకులా దొరుకుతుంది, నిజమే. ఇక్కడ దిగేసరికి కస్టమ్స్ వాళ్ల కళ్లకు అది తుపాకీ భాగం. ఆయన సెలవులు శంషాబాద్‌లోనో గన్నవరంలోనో సంజాయిషీలు రాయడంతో గడిచిపోతాయి. దిగుమతి అనుమతి ఉన్న డీలరు ద్వారా తెప్పించుకోండి.

మడత స్టాక్ లేదా ఉత్త పిస్టల్ గ్రిప్ వేయిస్తే ఎలా ఉంటుంది?

చూడ్డానికి సినిమా తుపాకీలా ఉంటుంది, కాల్చడానికి పనికిరాదు. 12 బోర్ తన్నుడంతా మణికట్టు మీద పడుతుంది, చెంప ఆనడానికి చోటుండదు, గురి కుదరదు. పైగా తుపాకీని ఒక కోవ నుంచి మరో కోవకు మార్చడం 2019 సవరణ తర్వాత 6వ సెక్షన్ కిందికి వచ్చింది. బ్యారెల్ కురచ చేయడం అంతకుముందు నుంచే నిషేధం. భుజానికి ఆనించే మామూలు స్టాక్‌తోనే ఉండండి.

చెక్క మంచిదా, ప్లాస్టిక్ మంచిదా?

తడిలో, చెమటలో, బండి వెనక తిరిగే తుపాకీకి ప్లాస్టిక్ మంచిది. జూలైలో ఉబ్బదు, మేలో ఎండిపోదు. కానీ తేలిక కాబట్టి తన్నుడు ఎక్కువగా తెలుస్తుంది. ఆనే చోట సందు ఉంటే చెక్కలా గీకి సర్దలేం. రోజుకు వంద తోటాలు కాల్చే ట్రాప్ ఆటగాడికి బరువైన చెక్కే సుఖం. మిగతావాళ్లకు ఏదైనా ఒకటే, ధర చూసుకోండి.

మా ఊరి వడ్రంగి టేకుతో చేసిస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

టేకు తలుపులకు మంచిది. స్టాక్ మెడ (చేత్తో పట్టుకునే సన్న భాగం) దగ్గర అది నార వెంబడి చీలుతుంది, దాని సహజ నూనె వల్ల జిగురు కూడా సరిగ్గా పట్టదు. స్టాక్‌కు అక్రోటు మించింది లేదు. బరువైనా ఫరవాలేదనుకుంటే జిట్రేగి పనికొస్తుంది. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి గురించి కూడా అడిగినవాళ్లున్నారు. అది గోరుతో నొక్కితే దిగేంత మెత్తన, బొమ్మకే అందం.

ఏ చెక్కయినా నార గీతలు మెడ వెంబడి నిలువుగా సాగాలి. ఏటవాలుగా మెడను దాటి బయటికి వెళ్లిపోతే, అక్రోటైనా అక్కడే విరుగుతుంది. వడ్రంగి చేత దిమ్మ కోయించుకోవచ్చు. తుపాకీని మాత్రం ఆయన దగ్గర వదిలి రాకూడదు.

## పాతది విప్పేటప్పుడు

రబ్బరు ప్యాడ్ మీద మరలే కనబడటం లేదు. పీకేయాలా?

పీకొద్దు. మరలు రబ్బరు లోపల ఉన్నాయి. ప్యాడ్ మీద బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్తే రెండు చోట్ల చిన్న చీలికలు నోరు తెరుస్తాయి. స్టార్ స్క్రూడ్రైవర్ కడ్డీకి కొంచెం గ్రీజు గానీ సబ్బు గానీ రాసి ఆ చీలికలోంచి దించండి. పొడిగా దించితే రబ్బరు చిరుగుతుంది, ఆ చిరుగు ఇక కప్పుకోదు. కడ్డీ గుండ్రంగా, నున్నగా ఉండాలి. పలకల కడ్డీ తిరిగేటప్పుడు రబ్బరును కోస్తుంది.

లోపలి బోల్టు తిరగడం లేదు. స్క్రూడ్రైవర్ జారిపోతోంది.

ముందు టార్చి వేసి లోపలికి చూడండి. బోల్టు తల మీద గాడి ఉందా, ఆరు పలకల గుంట ఉందా, బయట ఆరు పలకలున్నాయా అన్నది తెలియకుండా ఏ పనిముట్టూ పెట్టొద్దు. గాడి అయితే గాడి వెడల్పు నిండే బద్ద కావాలి. ఇంట్లో ఉండే సన్న స్క్రూడ్రైవర్ బోల్టు తల పక్కకు జారి స్టాక్ గోడలోకి దిగుతుంది. ప్యాడ్ తీసిన బోలు స్టాక్‌లు లోపలి నుంచి ఇలాగే పగులుతాయి. ఆరు పలకల తలకైతే పొడవు ఎక్స్‌టెన్షన్‌తో బాక్స్ పానా వాడాలి.

తుప్పు పట్టి ఉంటే తుపాకీని గొట్టం కిందికి నిలబెట్టి, తుప్పు వదిలించే నూనె రెండే చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. రెండు చుక్కలంటే రెండే. ఎక్కువైతే చెక్క తాగేస్తుంది.

విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి రాసుకోండి. కొత్త బోల్టు పొడవు సరిపోయిందా లేదా అన్నది ఆ అంకే చెబుతుంది.

బోల్టు పూర్తిగా ఊడింది, స్టాక్ మాత్రం కదలడం లేదు.

ఏళ్ల తరబడి నూనె, చెమట, వార్నిష్ కలిసి జిగురైపోయి ఉంటాయి. స్టాక్‌ను తిప్పొద్దు, మెలేయొద్దు. మెలేస్తే టాంగ్ పక్కన చెక్క పెచ్చులుగా లేస్తుంది. రిసీవర్‌ను ఒక చేత్తో పట్టుకుని, కోంబ్ (స్టాక్‌లో చెంప ఆనే పై అంచు) కింద అరచేత్తో వెనక్కి తడుతూ నేరుగా లాగండి. డబుల్ బ్యారెల్ అయితే ట్రిగ్గర్ గార్డు సాగుతోక, కింది ప్లేటు మరలు, టాంగ్ మర అన్నీ తీశారా అని మళ్లీ చూడండి. పాత తుపాకుల్లో గార్డు కింద దాగిన ఒక మర ఉంటుంది. దాన్ని మర్చిపోయి లాగి చెక్క విరగ్గొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

సెమీ ఆటోలో నట్టు విప్పితే స్ప్రింగు ఎగిరి ముఖాన కొడుతుందంటారు. నిజమేనా?

నట్టుతో కాదు, దాని లోపలి మూతతో. కొన్ని సెమీ ఆటోలలో యాక్షన్ స్ప్రింగు స్టాక్ లోపలి గొట్టంలో నొక్కుకుని కూర్చుంటుంది. స్టాక్‌ను పట్టే నట్టు ఆ గొట్టం చివరకు బయటి నుంచి ఎక్కుతుంది. నట్టు తీయొచ్చు. గొట్టం మూతను, దాన్ని ఆపే పిన్నును ముట్టుకోవద్దు.

## కూర్చేటప్పుడు

కొత్త చెక్క స్టాక్‌కూ రిసీవర్‌కూ మధ్య సన్న సందు కనబడుతోంది. బోల్టు బిగిస్తే అదే మూసుకుంటుంది కదా?

మూసుకుంటుంది. ఆ మూసుకోవడంతోనే నష్టం మొదలు. తుపాకీ పేలినప్పుడు ఇనుము వెనక్కి వచ్చి చెక్కను గుద్దుతుంది. ఆ గుద్దు ఆనే ముఖం మొత్తం మీద సమానంగా పడాలి. ఒకవైపు సందు ఉండి, బోల్టు బలంతో చెక్కను వంచి మూశారంటే, దెబ్బంతా ఆనుతున్న మూల మీదే పడుతుంది. మొదటి రోజు ఏమీ కనబడదు. యాభై, వంద తోటాల తర్వాత ఆ మూల నలుగుతుంది, బోల్టు వదులవుతుంది, మీరు మళ్లీ బిగిస్తారు, అది ఇంకా నలుగుతుంది. స్టాక్ ఎందుకో నిలవడం లేదని వచ్చే తుపాకుల్లో ఎక్కువ వాటి కథ ఇంతే. లోపం బోల్టుది కాదు, కూర్పుది.

పరీక్ష సులువు. బోల్టును వేళ్ల బలంతో ఆనేదాకా మాత్రమే తిప్పి, మామూలు జిరాక్స్ కాగితం ముక్కను చుట్టూ ప్రతిచోటా సందులోకి దూర్చి చూడండి. ఆ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఎక్కడ దూరితే అక్కడ చెక్క ఆనడం లేదు.

మసి పూసి చూడడం అంటే ఏమిటి? ఎలా చేస్తారు?

ఇనుము చెక్కకు ఎక్కడ తగులుతోందో కనిపెట్టే పాత పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. ఆముదం దీపం మసిని ఒక పళ్లెం మీద పట్టి, చుక్క నూనెతో కలిపి, బొట్టు పెట్టే కాటుకంత చిక్కగా చేస్తారు. రిసీవర్ వెనక ముఖానికి, టాంగ్‌ల అంచులకు బ్రష్షుతో ఎంత పలచగా పూయాలంటే ఇనుము రంగు అందులోంచి కనబడాలి. స్టాక్‌ను నేరుగా తోసి, వెనక నుంచి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, నేరుగా తీయాలి.

చెక్క మీద నల్లచుక్కలు పడతాయి. ఆ చుక్కలే ఎత్తులు. పదునైన ఉలిని నిలబెట్టి గీకుతూ చుక్కను మాత్రం తీసేయాలి, చెక్కను తవ్వకూడదు. మళ్లీ పూయడం, తోయడం, తీయడం. మొదట రెండు మూడు చుక్కలుంటాయి, తర్వాత అరడజను, ఇరవై ముప్పై సార్లయ్యాక ముఖమంతా బూడిదరంగు పొరలా అంటుకుంటుంది. అక్కడ ఆపాలి. తొందరపడి గరుకు కాగితంతో రుద్దితే అంచులు గుండ్రమవుతాయి, బయటి నుంచి సందు కనబడుతుంది, దాన్ని ఇక పూడ్చలేం.

మసి ఎక్కువ పూస్తే అంతటా అంటుకుని అంతా బాగుందని అబద్ధం చెబుతుంది. మేస్త్రి చేతులు మోచేతులదాకా నల్లగా ఉంటే కొంచెం అనుమానించండి.

టాంగ్ వెనక మేస్త్రి కావాలనే సందు వదిలాడు. పని సరిగ్గా చేయలేదా?

సరిగ్గానే చేశాడు. టాప్ టాంగ్ కొస వెనక అర మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. ఆ కొస చెక్కకు ఆనితే పేలిన ప్రతిసారీ ఉలిలా దిగి స్టాక్‌ను నిలువునా చీలుస్తుంది. టాంగ్ వెనక కనబడే సన్న పగులు దాదాపు ఎప్పుడూ అక్కడ ఖాళీ లేకపోవడం వల్లే. పక్కలు బిగుతుగా, కొస వదులుగా ఉండాలి.

ఆనని చోట ఆరల్డైట్ నింపితే సరిపోతుందా?

సరిగ్గా చేస్తే చెక్కకంటే గట్టిగా ఉంటుంది. తప్పుగా చేస్తే స్టాక్, తుపాకీ ఒక్కటైపోతాయి. లాక్ భాగాలు, ట్రిగ్గర్లు అన్నీ బయటికి తీసేయాలి. ఇనుముకు మైనపు పాలిష్ రెండు పూతలు పట్టించాలి, మర రంధ్రాల నోళ్లు మైనంతో మూయాలి, బోల్టు మరలకు కూడా మైనం రాయాలి. నూనె తాగి నల్లబడిన చెక్క మీద జిగురు నిలవదు కాబట్టి, ముందు ఎసిటోన్‌లో తడిపిన సుద్దపొడి ముద్ద పట్టించి, ఎండాక దులిపి, నూనె మరక రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా.

త్వరగా గట్టిపడే రకం వద్దు, నిదానంగా గట్టిపడే మామూలు రకం రెండు ట్యూబులనూ సమపాళ్లలో కలపండి. మే నెల గుంటూరు ఎండలో కలిపిన ముద్ద చేతిలోనే బిగుసుకుంటుంది. తెల్లవారుజామున చేయండి. బోల్టును తేలిగ్గా ఆనించి 24 గంటలు కదపొద్దు.

## బిగించేటప్పుడు

బోల్టు ఎంత బిగించాలి?

చెక్క స్టాక్‌కు బోల్టు తల ఆనిన చోటు నుంచి పావు చుట్టు. అంతే. కూర్పు బాగుంటే పావు చుట్టులోనే బిగుసుకుపోయి రాయిలా ఉంటుంది. అర చుట్టు, ముప్పావు చుట్టు తిరుగుతోందంటే లోపల చెక్క నలుగుతోంది. ప్లాస్టిక్ స్టాక్‌కు దాని తయారీదారు చీటీలో ఇచ్చిన అంకె ప్రకారం టార్క్ పానాతో బిగించాలి. డ్రిల్ మిషన్‌తో, ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఏ స్టాకూ బిగించకూడదు.

బోల్టు తల కింద వెడల్పాటి సాదా వాషరు, దానిపైన స్ప్రింగు వాషరు ఉండాలి. సాదా వాషరు లేకపోతే స్ప్రింగు వాషరు అంచు చెక్కను కొరుకుతుంది. బిగించాక బోల్టు తల నుంచి వాషరు మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. తర్వాత టార్చి వేస్తే బోల్టు కదిలిందో లేదో కనబడిపోతుంది.

కొత్త స్టాక్ పొడుగు, పాత బోల్టు అందడం లేదు. ఆటోనగర్‌లో దొరికే బోల్టు వేయొచ్చా?

వేసే ముందు మర కొలవాలి. అసలు చిక్కంతా ఇక్కడే. అమెరికా తరహా తుపాకుల్లో పావు అంగుళం బోల్టు, అంగుళానికి 28 మరలు సాధారణం. మన దుకాణాల్లో ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఇస్తారు. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., కాబట్టి 6 మి.మీ. బోల్టు ఆ రంధ్రంలో రెండు మూడు చుట్లు హాయిగా వెళ్తుంది. ఆ తర్వాత బిగుస్తుంది. పావు అంగుళందానికి ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం 0.907 మి.మీ., ఆరు మిల్లీమీటర్లదానికి 1 మి.మీ. బలంగా తిప్పితే రిసీవర్ మరే పోతుంది. బోల్టు మారుస్తాం, రిసీవర్ మార్చలేం కదా. మర గేజీతో కొలిచి, పాత బోల్టును నమూనాగా చూపించి తీసుకోండి. రిసీవర్‌ను లేతు దుకాణానికి మోసుకెళ్లొద్దు.

పొడవు విషయానికొస్తే, కనీసం బోల్టు వ్యాసమంత లోతుకు మర పట్టాలి. పావు అంగుళం బోల్టుకు అది ఏడెనిమిది చుట్లు. మూడు చుట్లకే బిగిస్తే బోల్టు కురచ. మరీ పొడుగైతే కొస లోపలికి పొడుచుకొచ్చి ట్రిగ్గర్ భాగాలకు తగలొచ్చు, లేదా చెక్క బిగియకముందే రంధ్రం అడుగు తాకి 'బిగిసింది' అని భ్రమ పెడుతుంది.

ఊడకుండా లాక్‌టైట్ వేయమంటున్నారు. వేయాలా?

కూర్పు బాగుంటే అవసరం లేదు. వేయాలంటే నీలం రంగుది, ఇనుప మర మీద ఒక్క చుక్క. ఎరుపు వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు, చెక్క పక్కన వేడి చేయలేం. ప్లాస్టిక్ స్టాక్‌కు అసలు వేయొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు ఆ ద్రవం తగిలితే కొన్నాళ్లకు పగుళ్లిస్తాయి.

బిగించాక సేఫ్టీ కదలడం లేదు, పైమీట (తుపాకీ తెరిచే మీట) గట్టిగా తిరుగుతోంది.

తుపాకీ పక్కన పెట్టండి, కాల్చొద్దు. రెండు టాంగ్‌ల మధ్య చెక్క పలచనై, మరలు బిగించగానే ఇనుము లోపలికి వంగి సేఫ్టీ కడ్డీని, ట్రిగ్గర్లను నొక్కుతోంది. మరను పావు చుట్టు వదులు చేస్తే సేఫ్టీ కదిలిందంటే రోగం అదే. వదులుగా వదిలేయడం మందు కాదు. మధ్యలో చెక్క మందం పెంచాలి లేదా జిగురుతో నింపి మళ్లీ కూర్చాలి.

ఉత్తుత్తి తోటాలు వేసి ఈ వరుసలో చూడండి: సేఫ్టీ వేసి రెండు ట్రిగ్గర్లూ నొక్కాలి, ఏ హామరూ (తోటాను పేల్చే లోపలి సుత్తి) పడకూడదు. ట్రిగ్గర్ వదిలి సేఫ్టీ తీయాలి, అప్పుడూ పడకూడదు. తర్వాత బట్‌ను (స్టాక్ వెనక కొసను) రబ్బరు చాప మీద అడుగు ఎత్తు నుంచి నాలుగైదు సార్లు ఠక్కుమనేలా ఆనించాలి, హామర్ పడకూడదు. చివరగా ట్రిగ్గర్లు ఒకటొకటిగా నొక్కాలి, నొక్కిందే పడాలి. ఏ ఒక్కటి తప్పినా గన్‌స్మిత్ దగ్గరికే.

## కొలతలు

స్టాక్ పొడవు నాకు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు ట్రిగ్గర్ మధ్య నుంచి బట్ మధ్యకు కొలవాలి. దిగుమతి తుపాకులు మామూలుగా 14¼ నుంచి 14½ అంగుళాలు ఉంటాయి. మోచేతి మడతలో బట్ పెట్టి వేలు అందిందా అని చూసే పద్ధతి దుకాణంలో గొప్పగా కనిపిస్తుంది, పెద్దగా ఏమీ చెప్పదు. తుపాకీ మామూలుగా భుజానికి ఎత్తి, చెంప ఆనించాక, ముక్కుకూ బొటనవేలి మూలానికీ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉండాలి. ఎత్తేటప్పుడు బట్ చంకలో చొక్కాకు తట్టుకుంటే పొడవు ఎక్కువ. బొటనవేలు ముక్కుకు గుద్దితే తక్కువ.

బయటి దేశాల కొలతలు దళసరి కోటు మీద తీసినవి. మనం కాల్చేది పలచటి నూలు చొక్కాతో. అదే మనిషికి ఇక్కడ పావు అంగుళం ఎక్కువ పడుతుంది. ప్యాడ్ కింద పావు అంగుళం స్పేసరు వేస్తే సరిపోతుంది, మరలు కూడా అంత పొడుగువి వేయాలి.

కొత్త స్టాక్ వేశాక గుళ్లన్నీ పైకి పోతున్నాయి.

కోంబ్ ఎత్తుగా ఉంది. షాట్‌గన్‌కు వెనక గురి మీ కన్నే, దాన్ని నిలబెట్టేది చెంప. 16 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి, మధ్య చుక్కను చూస్తూ నాలుగైదు తోటాలు వేయండి. గుళ్ల గుంపు నడుమ చుక్కకు ఎంత పైన ఉందో కొలవండి. ప్రతి 2 అంగుళాలకు కోంబ్ సుమారు ⅛ అంగుళం దించాలి. కిందికి పోతుంటే అంతే పెంచాలి. పెంచడం తేలిక, కోంబ్ మీద మోల్‌స్కిన్ (మెత్తటి గుడ్డ) పట్టీలు అంటించి చూసుకోవచ్చు. దించడానికి చెక్క తీయాలి, తీసింది తిరిగి రాదు. ట్రాప్ ఆడేవాళ్లకు కొంచెం పైకి కాల్చడమే కావాలి, పళ్లెం పైకి లేస్తూ ఉంటుంది గనుక.

నాది ఎడమచేతి వాటం. మామూలు స్టాక్ వేసుకోవచ్చా?

చాలా స్టాక్‌లు కుడిచేతివాళ్ల కన్ను రిబ్ (గొట్టం పైన గురి చూసే పట్టీ) మీదికి వచ్చేలా ⅛ నుంచి ¼ అంగుళం కుడికి వంచి ఉంటాయి. మీకు అది సరిగ్గా ఎదురు. వంపు లేని నిటారు స్టాక్ తీసుకోండి. షిమ్‌లున్న (వంపు మార్చే సన్న పలకలున్న) సెమీ ఆటో అయితే షిమ్‌ను తిప్పి వేస్తే చాలు, వెనక దాని జోడీ ప్లేటును కూడా మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే నట్టు వంకరగా ఆని వదులవుతూనే ఉంటుంది.

బట్ కింది మూల ఛాతీకి గుచ్చుకుంటోంది.

పిచ్ (బట్ ముఖం వాలు) తక్కువైంది. ప్యాడ్‌కూ స్టాక్‌కూ మధ్య, మడమ (బట్ పై మూల) వైపు ఒక సన్న ప్లాస్టిక్ పట్టీ పెట్టి పది తోటాలు కాల్చి చూడండి. బాగుంటే అదే కోణంలో స్పేసరు చేయించండి.

## కాల్చాక, ఆ తర్వాత

మొదటిసారి ఎన్ని కాల్చి చూడాలి? మా పొలంలో కాల్చుకోవచ్చా?

తక్కువ మందు ఉన్న తోటాలతో మొదలుపెట్టి ఒక్కొక్కటే వేసి కాల్చాలి. 5 అయ్యాక, 25 అయ్యాక, 100 అయ్యాక బోల్టు గీత, టాంగ్ వెనక చెక్క, మెడ పక్కలు టార్చితో చూడాలి. 25కే గీత కదిలితే మళ్లీ బిగించి వదిలేయకుండా కూర్పు చూపించండి.

కాల్చేది గుర్తింపు ఉన్న రేంజిలోనే. పొలంలో, పెళ్లి పందిట్లో, పండక్కి గాల్లోకి కాల్చడం వద్దు. వేడుకల కాల్పులకు 2019 సవరణలో రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పెట్టారు.

మెడ దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. స్టాక్ పారేయాల్సిందేనా?

అక్కర్లేదు, కాల్చడం మాత్రం వెంటనే ఆపాలి. పగులును కొంచెం తెరిచి సిరంజితో పలచటి ఎపాక్సీ ఎక్కించి, పాత సైకిల్ ట్యూబును పట్టీలా కోసి సాగదీసి చుట్టి ఒక రోజు వదిలేస్తారు. క్లాంపు కంటే ట్యూబే నయం, గుండ్రటి మెడ చుట్టూ సమానంగా నొక్కుతుంది. పగులు అడ్డంగా ఉంటే లోపల ఇత్తడి మరకడ్డీ కూడా దించాలి. పగులు ఎందుకు వచ్చిందో సరిచేయకపోతే దాని పక్కనే ఇంకోటి వస్తుంది.

వానాకాలంలో బిగుతుగా ఉండి ఎండాకాలంలో వదులవుతోంది.

కృష్ణ ఒడ్డున చెక్క చేసే పనే అది. తేమకు ఉబ్బుతుంది, మే ఎండకు కుంచించుకుపోతుంది. ఎక్కువ తేమ పీల్చేది కోత ముఖం నుంచి. ప్యాడ్ కింద, లోపల చెక్కిన చోట్ల చాలామంది మేస్త్రులు పూత వేయరు, ఎవరికీ కనబడదు కదా అని. అక్కడే రెండు మూడు పలచటి పూతలు వేయించండి. కొత్త చెక్కను చెక్కే ముందు రెండు మూడు వారాలు మీ ఇంట్లోనే ఉంచండి. మే చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి బోల్టు చూసుకోండి. రెక్సిన్ కవర్లో పెట్టి బీరువాలో దాచొద్దు, అందులో తేమ ఉండిపోతుంది.

తుపాకీని గొట్టం పైకి పెట్టి నిలబెడితే నూనె మెల్లగా దిగి స్టాక్ తలలోకి ఇంకుతుంది. ఏళ్లకు ఆ చెక్క స్పంజిలా మెత్తబడుతుంది. నూనె వేశాక గొట్టం కిందికి పెట్టండి.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసి నెలల తర్వాత తెచ్చుకున్నాను. ఏం చూసుకోవాలి?

ఇచ్చేటప్పుడే రసీదులో నంబరుతోపాటు స్టాక్ స్థితి రాయించుకుని ఫొటో తీసుకోండి. తెచ్చుకున్నాక ప్యాడ్ విప్పి బోల్టుకు తుప్పు, చెక్కకు బూజు, చెదలు ఉన్నాయేమో చూడండి. మెడ పట్టుకుని తేలిగ్గా వంచితే కిర్రుమంటే విప్పి చూడాల్సిందే. తడిచెక్కను ఎండలో పెట్టొద్దు, ఫ్యాను గాలికి వారం ఆరనిచ్చి అప్పుడు బిగించండి.

స్టాక్‌కు అవిసె నూనె పట్టిస్తున్నాను. ఎన్నాళ్లయినా ఆరడం లేదు.

పచ్చి నూనె అయ్యుంటుంది, వానాకాలంలో అది వారాలు తీసుకుంటుంది. కాచిన రకం కొని, వేలి కొసతో నాలుగు చుక్కలు మాత్రం రుద్ది, పావుగంటలో మిగిలింది తుడిచేయండి. మందంగా పూస్తే జిగటగానే ఉంటుంది. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలా ఉన్న గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నీళ్ల బకెట్లో వేయండి, లేదా తీగ మీద విడదీసి ఆరేయండి.